డ్రామా సినిమాకి తుపాకులు అద్దెకి తీసుకుంటే: ఒక సర్వీస్ రివ్యూ

మేము ఈ మధ్య పూర్తి చేసిన సినిమాలో తుపాకీ పేలేది ఒకే ఒక్కసారి. కనిపించే సీన్లు మాత్రం చాలా ఉన్నాయి. సొరుగులో ఉంటుంది, బల్ల మీద ఉంటుంది, ఎవరో గుడ్డతో తుడుస్తుంటారు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది. యాక్షన్ సినిమాల్లో తుపాకీ ఎంత దగ్గరగా చూపించినా షాట్ క్షణంలో మారిపోతుంది. డ్రామాలో కెమెరా కదలదు. నటుడు దాన్ని చేతిలో పెట్టుకుని పేజీన్నర డైలాగ్ చెప్పాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీస్ నా బాధ్యత కాబట్టి, అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది బరువు గురించి. ఇద్దరు ముగ్గురు "బొమ్మే కదా మేడమ్, తేలిగ్గానే ఉంటుంది" అని సంతోషంగా చెప్పారు. "ఏ తుపాకీ? ఏ సంవత్సరం కథ? ఎవరు పట్టుకుంటారు?" అని తిరిగి నన్నే అడిగినవాళ్లని ఎంచుకున్నాం. ఈ రివ్యూ వాళ్ల గురించే. పేరు రాయడం లేదు, ఎందుకంటే కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

కథ క్లుప్తంగా చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన తండ్రి, ఆయనతో పాటు యుద్ధంలో ఉన్న స్నేహితుడు, ఇద్దరి మధ్య నలిగే కూతురు. తండ్రికి రివాల్వర్, స్నేహితుడికి పిస్టల్, కూతురికి ఇంట్లో పాతకాలం నుంచి ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ. ముగ్గురికీ మూడు రకాలు ఇవ్వాలన్నది డైరెక్టర్ గారి కోరిక.

తండ్రి పాత్రకి స్క్రిప్ట్‌లో "వెబ్లీ రివాల్వర్" అని మాత్రమే రాసి ఉంది. వెబ్లీ మార్క్ 6 అనుకునే వెళ్లాను. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మోడల్ అది, .455 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), దాదాపు 1.1 కిలోల బరువు. ఆ సర్వీస్ తరఫున సెట్‌లో తుపాకుల బాధ్యత చూసే ఆర్మరర్ గారు ముందు స్క్రిప్ట్ తెప్పించుకున్నారు. చదివాక ఆయన అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: "ఈయన మొదటి యుద్ధం చూసినవాడా, రెండోదా?" 1932 తర్వాత అధికారికంగా వెబ్లీ మార్క్ 6 స్థానంలోకి వచ్చింది ఎన్‌ఫీల్డ్ నంబర్ 2, .38 కాలిబర్. దాని బరువు 765 గ్రాముల దగ్గర ఉంటుంది. వెబ్లీలు రెండో యుద్ధంలో కూడా వాడుకలోనే ఉన్నాయి కాబట్టి ఏది పెట్టినా తప్పు కాదు. కానీ రెండూ ఒకేలా కనిపించవు, చేతిలో ఒకేలా ఉండవు.

అక్కడే ఒక చిక్కు బయటపడింది. క్లైమాక్స్ ముందు సీన్‌లో తండ్రి బొటనవేలితో హ్యామర్ (తూటాని పేల్చడానికి సుత్తిలా పడే భాగం) వెనక్కి లాగుతాడు. ఆ "టక్" శబ్దానికి కూతురు తల తిప్పుతుంది. సీన్ అంతా ఆ ఒక్క శబ్దం మీదే నడుస్తుంది. ఎన్‌ఫీల్డ్‌లో 1938లో వచ్చిన మార్క్ 1 స్టార్ మోడల్‌కి హ్యామర్ మీద బొటనవేలు ఆనించే కొక్కెమే ఉండదు. ట్యాంకుల్లో ఇరుకు సందుల్లో తిరిగేవాళ్లకి బట్టలకీ తీగలకీ తగులుకోకుండా దాన్ని తీసేశారు. దాంతో బొటనవేలితో లాగడం కుదరదు, ట్రిగ్గర్ మొత్తం నొక్కాల్సిందే. అంతకుముందు మార్క్ 1 మోడల్స్‌లో చాలావాటిని తర్వాత అలాగే మార్చేశారు కూడా. ఆర్మరర్ గారు రెండు డమ్మీలూ తెచ్చి మా డైరెక్టర్ గారి ముందు పెట్టి, చేత్తో చేసి చూపించారు. చివరికి వెబ్లీ మార్క్ 6 దగ్గరే ఆగాం. తండ్రి తనకంటే పెద్ద ఆఫీసర్ దగ్గర్నుంచి దాన్ని తీసుకున్నట్టు స్క్రిప్ట్‌లో ఒక డైలాగ్ చేరింది. ఆ డైలాగ్ ఇప్పుడు సినిమాలో నాకు బాగా ఇష్టమైనవాటిలో ఒకటి. తుపాకీ అద్దెకిచ్చే సర్వీస్ వల్ల కథకి ఒక వాక్యం కలిసింది. ఇంతకంటే ఏం కావాలి?

ఇక వస్తువు ఎలా ఉందో చెప్తాను. క్లోజప్ కోసం ఇచ్చిన హీరో గన్ మొత్తం లోహం. చేతికిస్తే మణికట్టు కిందికి దిగుతుంది. మా నటుడు సీనియర్, నాటకాల నుంచి వచ్చినవారు. రిహార్సల్‌లో మొదట ప్లాస్టిక్ డమ్మీతో చేశారు, చాలా బాగా చేశారు. తర్వాత ఈ లోహపు వెబ్లీ చేతికి రాగానే డైలాగ్ వేగం తగ్గింది, భుజం కిందికి వచ్చింది, మాటల మధ్య ఊపిరి పీల్చుకునే చోట్లు మారాయి. కిలో బరువు చేయి చాచి పట్టుకుంటే నిమిషంలోపే వణుకు మొదలవుతుంది. ఆ వణుకు ఆయన నటించలేదు, దాచడానికి ప్రయత్నించారు. స్క్రీన్ మీద అదే కనిపిస్తుంది.

వెబ్లీలో ఇంకో అందం ఉంది. దాని సిలిండర్ పక్కకి తెరుచుకోదు. పక్కనున్న లివర్ నొక్కితే తుపాకీ మధ్యలో విరిగినట్టు ముందుకి వంగుతుంది, నక్షత్రం ఆకారంలో ఉండే ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఆరు తూటాలనీ ఒకేసారి బయటికి తోస్తుంది. మా సినిమాలో కూతురు దాన్ని తెరిచి తూటాలన్నీ బల్ల మీద ఒంపేసే షాట్ ఉంది. అద్దె డమ్మీల్లో చాలావాటికి ఈ భాగం పనిచేయదు, వెల్డ్ చేసి మూసేస్తారు. వీళ్లది పనిచేసింది. లివర్ బిగుతు కూడా సరిగ్గా ఉంది, మరీ వదులైతే నటి చేతిలో దానంతటదే తెరుచుకునేది. టేక్ తర్వాత టేక్ చేసినా పట్టు జారలేదు.

తూటాల గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ సర్వీస్‌కి నేను పూర్తి మార్కులు వేసేది ఇక్కడే.

రివాల్వర్‌ని ముందు నుంచి చూపిస్తే సిలిండర్ గదుల్లో తూటా కొనలు కనిపిస్తాయి. ఖాళీగా ఉంటే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. అందుకని డమ్మీ తూటాలు పెడతారు: అసలుదానిలాగే ఇత్తడి తొడుగు, ముందు బుల్లెట్, లోపల మందు ఉండదు, వెనక మందుని అంటించే ప్రైమర్ పనిచేయదు. 1993లో సినిమా షూటింగ్‌లో నటుడు బ్రాండన్ లీ చనిపోయింది ఈ డమ్మీల దగ్గర జరిగిన తప్పు వల్లే. అసలు తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు తయారుచేశారు, ప్రైమర్ మాత్రం బతికే ఉంది. అది పేలి బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి తోసింది, అక్కడే ఇరుక్కుంది, ఎవరూ చూడలేదు. తర్వాత వేరే సీన్‌కి అదే తుపాకీలో బ్లాంక్ పెట్టి పేల్చారు. బ్లాంక్‌లో బుల్లెట్ ఉండదు గానీ మందు ఉంటుంది. ఆ మందు బ్యారెల్‌లో ఇరుక్కున్న బుల్లెట్‌ని బయటికి కొట్టింది.

మా ఆర్మరర్ గారి డమ్మీల్లో మందు ఉండాల్సిన చోట ఒక చిన్న ఉక్కు గుండు ఉంటుంది. ఊపితే గలగలమంటుంది. శబ్దం రాకపోతే ఆ తూటా సెట్‌లోకి రాదు. మామూలుగా తొడుగు పక్కన ఒక రంధ్రం కూడా చేస్తారు, దూరం నుంచే డమ్మీ అని తెలియడానికి. బల్ల మీద ఒంపేసే షాట్ క్లోజప్ కాబట్టి ఆ రంధ్రం కనపడుతుందని మా కెమెరామన్ అభ్యంతరం చెప్పారు. అప్పుడు రంధ్రం లేని, గుండు మాత్రం ఉన్న సెట్ తెచ్చారు. ప్రతి టేక్ ముందూ ఆర్మరర్ గారు నన్నూ, అసిస్టెంట్ డైరెక్టర్‌నీ, నటినీ పిలిచి, ఒక్కో తూటా చెవి దగ్గర ఊపి వినిపించి, ఆ తర్వాతే సిలిండర్‌లో పెట్టేవారు. షాట్ ఆలస్యమవుతోందని ప్రొడక్షన్ వాళ్లు విసుక్కున్నారు. ఆయన వాళ్ల వైపు తలెత్తి కూడా చూడలేదు, ఆరూ అయ్యేదాకా లెక్కపెట్టారు. అలాంటి మనిషికి ఇచ్చే డబ్బు దండగ కాదని నిర్మాతలందరికీ చెప్పాలనిపించింది.

బ్యారెల్‌లోకి టార్చ్ వేసి చూపించడం కూడా అంతే. ప్రతిసారీ. మధ్యాహ్నం భోజనం నుంచి తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి. తుపాకీ ఏదీ బల్ల మీద వదిలేయడం లేదు, "కట్" అనగానే ఆయన చేతిలోకి, అక్కడి నుంచి తాళం ఉన్న పెట్టెలోకి. 2021 అక్టోబర్‌లో ఒక వెస్టర్న్ సినిమా సెట్‌లో రిహార్సల్ జరుగుతుండగా రివాల్వర్‌లో ఉన్న నిజమైన తూటా పేలి సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయారు. ఆ కేసులో ఆ సినిమా ఆర్మరర్‌కి 2024లో జైలు శిక్ష పడింది. సెట్‌లోకి నిజమైన తూటా ఎలా వచ్చిందన్న ప్రశ్నే రాకుండా ఉండాలంటే, ప్రతి తూటానీ ఎవరో ఒకరు చేత్తో పట్టి చూసి తీరాలి.

స్నేహితుడి పాత్రకి బ్రౌనింగ్ హై పవర్ అడిగాం. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి, ఆయన 1926లో చనిపోయాక డ్యూడొనే సైవ్ పూర్తిచేసిన పిస్టల్ ఇది. 1935లో వచ్చింది. 9 ఎం.ఎం., మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల డబ్బీ) 13 తూటాలు. యుద్ధకాలంలో కెనడాలో జాన్ ఇంగ్లిస్ కంపెనీ వీటిని తయారుచేసింది, కాబట్టి ఆ యుద్ధం నుంచి వచ్చిన మనిషి చేతిలో ఇది ఉండడం సబబే. పాత్రకి కూడా సరిపోతుంది. తండ్రిది ఆరు తూటాల పాత బరువైన రివాల్వర్, స్నేహితుడిది దానికి రెండింతలు తూటాలు పట్టే నాజూకైన పిస్టల్. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరిది పైచేయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నా మొదటి ఫిర్యాదు. పంపించినది గ్యాస్‌తో పనిచేసే రెప్లికా. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట దానికి రెండు వైపులా ఉంది. హై పవర్‌కి రెండు వైపులా సేఫ్టీ 1980లలో వచ్చిన మోడల్స్ నుంచి మొదలైంది. నలభైల నాటి పిస్టల్‌కి ఎడమ వైపు మాత్రమే ఉండాలి. మా ఫ్రేమ్‌లో స్నేహితుడు కుడి వైపు నుంచే కనిపిస్తాడు, అంటే తప్పు సరిగ్గా కెమెరా ముందే ఉంది. రివాల్వర్ దగ్గర అంత శ్రద్ధగా సంవత్సరాలు అడిగినవాళ్లు ఇక్కడ స్టాక్‌లో ఉన్నది పంపేశారు. చెప్పాక వాళ్ల వర్క్‌షాప్‌లో కుడి వైపు మీట కోసేసి, ఆ చోటు పూడ్చి, రంగు వేసి పంపారు. పని శుభ్రంగా ఉంది గానీ, ఆ పిస్టల్ సీన్లు షెడ్యూల్‌లో వెనక్కి జరపాల్సి వచ్చింది. ముందే ఫొటోలు రెండు వైపులా పంపించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. మీరు అద్దెకి తీసుకుంటే రెండు వైపుల ఫొటోలు అడగండి.

రెండో విషయం ఫిర్యాదు కాదు, గ్యాస్ రెప్లికాల స్వభావం. వీటిలో గ్యాస్ మ్యాగజైన్‌లోనే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ గ్యాస్ స్లైడ్‌ని (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం) వెనక్కి తోస్తుంది, చూడ్డానికి నిజంగా పేలినట్టే ఉంటుంది. వరసగా పేలిస్తే గ్యాస్ విస్తరిస్తూ మ్యాగజైన్ చల్లబడిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, స్లైడ్ సగం దూరం వెళ్లి ఆగుతుంది. చలిగా ఉన్న తెల్లవారుజాము షూట్‌లో ఇది ఇంకా ఎక్కువ. మాకు ఈ పిస్టల్ పేలే సీన్ లేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. స్లైడ్ వెనక్కి లాగి వదిలే షాట్‌లో మాత్రం చాలా బాగుంది, స్ప్రింగ్ బిగువు నటుడి ముంజేతిలో కనిపించింది.

ఒక సీన్‌లో స్నేహితుడు మ్యాగజైన్ తీసి జేబులో వేసుకుని, తండ్రి వైపు కాకుండా గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతాడు. "క్లిక్" అంటుంది. భయపెట్టడానికి. అసలు హై పవర్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు, హ్యామర్ పడదు. దానిలో ఆ సేఫ్టీ కట్టి ఉంటుంది. ఇది కూడా ఆర్మరర్ గారే పట్టుకున్నారు. డైరెక్టర్ గారు కొంచెం సేపు ఆలోచించి సీన్ మార్చారు. ఇప్పుడు స్నేహితుడు మ్యాగజైన్ తీసి పిస్టల్‌ని తండ్రి ముందు బల్ల మీదికి తోస్తాడు. తండ్రి ట్రిగ్గర్ నొక్కుతాడు, ఏమీ జరగదు. శబ్దం కూడా రాదు. ఆ తుపాకీ సంగతి స్నేహితుడికి తెలుసు, తండ్రికి తెలియదు. క్లిక్ కంటే ఇది చాలా బాగుంది.

కూతురి డబుల్ బ్యారెల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అంత చక్కగా ఉంది కాబట్టి. ఒకప్పుడు నిజంగా పనిచేసిన పన్నెండు బోర్ తుపాకీ, ఇప్పుడు బ్యారెల్స్ మూసేసి, పిన్నులు తీసేసి పనికిరాకుండా చేసింది. కట్టె మీద చేతుల రాపిడికి వచ్చిన నునుపు ఏ పెయింటరూ తేలేడు. ఒక్కటే నేను ముందుగా అడిగాను: తెరవగానే తూటాలు ఎగిరి బయటపడే రకం వద్దు, కొంచెం పైకి లేచి ఆగే రకం కావాలి అని. కూతురు వాటిని వేళ్లతో ఒక్కొక్కటే బయటికి తీయాలి. సరిగ్గా అదే పంపారు. రెండు ట్రిగ్గర్లలో ముందుది మామూలుగా కుడి బ్యారెల్‌ది, వెనకది ఎడమది అని ఆర్మరర్ గారు నటికి నేర్పించారు. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉంచడం అలవాటయ్యేదాకా వదల్లేదు. "వేలు బయటమ్మా, వేలు బయట" అని ఆయన అంటుంటే, కొన్నాళ్లకి ఆవిడ మైకు పట్టుకున్నా చూపుడు వేలు చాచే పట్టుకునేవారు.

పేలే ఆ ఒక్క షాట్ దగ్గరికి వస్తాను. గ్యాస్‌తో చేసి తర్వాత కంప్యూటర్‌లో మంట వేయాలా, బ్లాంక్ పేల్చాలా అని చర్చ జరిగింది. నా ఓటు కంప్యూటర్‌కే. సెకనుకి 24 ఫ్రేముల దగ్గర మామూలు షట్టర్‌తో తీస్తే సగం సమయం కెమెరా ఏమీ చూడదు, తుపాకీ మంట కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఆ సగంలో పడితే ఫ్రేమ్‌లో మంటే ఉండదు. డిజిటల్ కెమెరాలో ఇంకో తిప్పలు, ఫ్రేమ్‌లో ఒక పట్టీ మాత్రమే వెలుగుతుంది, మిగతాది చీకటి. డైరెక్టర్ గారికి మాత్రం వింటున్నవాళ్లు నిజంగా ఉలిక్కిపడాలి. అందరూ ఒప్పుకున్నాక బ్లాంక్ చేశాం.

రివాల్వర్ కాబట్టి ఒక సౌకర్యం ఉంది. పిస్టల్‌తో బ్లాంక్ పేల్చాలంటే బ్యారెల్‌లో గ్యాస్‌ని అడ్డుకునే ఏర్పాటు చేయాలి, లేకపోతే స్లైడ్ కదలదు. రివాల్వర్‌కి అది అక్కర్లేదు. కానీ రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, పేలినప్పుడు వేడి గ్యాస్ పక్కలకి చిమ్ముతుంది. రెండో చేతి వేళ్లు అక్కడికి రాకూడదు. మా నటుడికి రెండు చేతులతో పట్టుకునే అలవాటు ఉంటే ఆర్మరర్ గారు దాన్ని మార్పించారు. బ్లాంక్‌లలో మందు మోతాదుని బట్టి ఫుల్, హాఫ్, క్వార్టర్ లోడ్‌లు ఉంటాయి. ఆయన క్వార్టర్ చాలన్నారు. గదిలో పేలుతోంది, ఫుల్ లోడ్ శబ్దం 140 డెసిబెల్స్ దాటగలదు, చెవులకి శాశ్వతంగా దెబ్బ. అందరికీ ఇయర్ ప్లగ్‌లు ఇచ్చారు. తుపాకీ మూతి ముందు 6 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదన్నారు, కెమెరా పక్కకి పెట్టి మనిషి వైపు గురిపెట్టినట్టు కనిపించేలా కోణం మార్చారు.

ఒక యూనిట్ కుర్రాడు "బ్లాంకే కదా సార్, ఏమవుతుంది" అన్నాడు. ఆర్మరర్ గారు అతన్ని కోప్పడలేదు. 1984లో ఒక టీవీ సీరియల్ సెట్‌లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ని కణత మీద పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడని, బుల్లెట్ లేకపోయినా ఆ ఒత్తిడికే పుర్రె విరిగి చనిపోయాడని ప్రశాంతంగా చెప్పారు. ఆ తర్వాత సెట్‌లో ఎవరూ ఆ మాట అనలేదు. రెండు టేకులు చేశాం, రెండోది సినిమాలో ఉంది. మంట ఫ్రేమ్‌లో పడలేదు, దాన్ని తర్వాత వేశారు. కూతురి ముఖం మాత్రం అసలుదే.

శబ్దం కోసం అదనంగా అడిగినందుకు వాళ్లు ఏమీ అనలేదు. మా సౌండ్ డిజైనర్ షూట్ అయిపోయాక ఆ తుపాకులన్నిటినీ నిశ్శబ్దమైన గదిలో పెట్టి రికార్డ్ చేసుకున్నాడు: హ్యామర్ లాగడం, లివర్, ఆరు తూటాలు చెక్క మీద పడడం, తోలు కేసులోంచి తీయడం. సినిమాలో వినిపించేవన్నీ ఆ తుపాకులవే, లైబ్రరీ శబ్దాలు కావు.

చివరి ఫిర్యాదు రబ్బరు గన్స్ మీద. పెనుగులాట సీన్‌లో, కింద పడే షాట్‌లో లోహం వాడలేం, రబ్బరు వెబ్లీ వాడాం. ఆకారం బాగుంది, రంగు బాగాలేదు. హీరో గన్ నీలం కలిసిన నలుపు, అరిగిన చోట ఇనుము కనిపిస్తుంది. రబ్బరుది ఏకంగా బూడిద రంగు. మా డిపార్ట్‌మెంట్‌లో నేనే కూర్చుని రంగు వేశాను. కింద పడితే ఎగిరింది కూడా. నేల మీద ఒకసారి తగిలి ఆగాల్సింది రెండుసార్లు ఎగిరితే ఆ షాట్ ఎవరూ నమ్మరు. పడుతున్న చేతి వరకే చూపించి, పడిన తర్వాత లోహపుదాన్ని నేల మీద పెట్టి విడిగా తీశాం. రబ్బరు లోపల బరువు పోసినవి తయారుచేస్తారు, ఈ సర్వీస్ దగ్గర లేవు. అంత శ్రద్ధ ఉన్నవాళ్లు అవి కూడా పెట్టుకోవాలి, వాళ్లకి ఈ మాట నేరుగా కూడా చెప్పాను.

తుపాకీ ఎక్కువగా పేలే సినిమా అయితే వీళ్ల దగ్గర సరిపడా సెట్లు ఉండవు, వేరేవాళ్లని చూసుకోండి. పాత్ర తుపాకీని పట్టుకుని కూర్చునే సినిమా అయితే వీళ్లనే పిలవండి. ఆర్మరర్ గారికి స్క్రిప్ట్ మొత్తం పంపండి, తుపాకీ ఉన్న సీన్లు మాత్రమే కాదు. ఆయన చదువుతారు.